నలభై మిషన్ల మధ్య గిటారు

“షాకు కొడితే ఏం చేస్తావే? చేతిలో చూస్తే ఇనప తీగలు, కాళ్ల దగ్గర చూస్తే కరెంటు పెట్టె. ఆ హాల్లో వైరింగు ఏ కాలం నాటిదో ఏమో! నీకేదైనా అయితే మీ నాన్నకి నేనేం జవాబు చెప్పుకోను?”

అప్పటికింకా ఎవరూ గడపైనా దాటలేదు. గిటారు సంచికి జిప్పు కూడా పెట్టలేదు. ఆవిడ మనసు మాత్రం హాలుకి వెళ్లి, షాకు కొట్టించుకుని, ఆసుపత్రి మెట్లు కూడా ఎక్కేసింది. ఆవిడ తీరే అంత. కుట్టు కార్ఖానాలో ఆవిడని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు, అందరికీ అయ్యో అక్కే. సూది విరిగితే అయ్యో, మబ్బు పడితే అయ్యో. ఎవరైనా గట్టిగా నవ్వితే, “అయ్యో, ఇంత నవ్వు దేనికొస్తుందో” అని ఇంకో అయ్యో.

“అమ్మా, ఇది తొమ్మిది వోల్టులే. నీ కుట్టు మిషను మోటారు దీనికి ముత్తవ్వ,” అన్నది కూతురు.

“ముత్తవ్వతో నాకు అలవాటైపోయిందే. ఇది కొత్త కోడలు. ఎప్పుడేం చేస్తుందో ఎవరికి తెలుసు?”

కొత్త కోడలు చూడ్డానికి అన్నం క్యారేజీ అంత ఉంటుంది. నల్లటి ఇనప డబ్బా, పైన ఆరు నాబులు, కాలితో నొక్కే మూడు బటన్లు, అరచేతిలో సగం లేని తెర. గిటారు వైరు ఇటు పెడితే, గిటారు సౌండు పెంచే పెద్ద పెద్ద ఆంపు పెట్టెలు ఎలా అరుస్తాయో, వాటి ముందు మైకు పెడితే ఎలా వినిపిస్తుందో, అదంతా లెక్కలు కట్టి అటు వినిపిస్తుంది. అంటే ఆంపు ఉండదు, ఆంపు గొంతు ఉంటుంది. కూతురు రెండేళ్లు జిరాక్సు షాపులో నిలబడి కొనుక్కున్నది. కొన్న రోజునుంచీ తలుపు వేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, ఆ నాబులతోనే కాపురం. తండ్రి లారీ ఎక్కితే పది రోజులకు గానీ దిగడు. ఇంట్లో మాటకు మనిషి లేక, అయ్యో అక్క తలుపు సందులోంచి చూసి భయపడటమే పనిగా పెట్టుకుంది. చెవులు పోతాయేమోనని ఒక భయం. కింద ఇంటావిడ ఖాళీ చెయ్యమంటుందేమోనని ఇంకొకటి. “సౌండు తగ్గించు” అన్న మాట ఆ ఇంట్లో గోడ గడియారంకన్నా నిక్కచ్చిగా గంటగంటకూ మోగేది.

ఆ ఆదివారం వెళ్తున్నది వాల్వుల మావయ్య దగ్గరికి. హాళ్లలో, పార్టీల్లో పాటలు వాయించే జట్టుకి ఆయన పెద్ద. ముప్ఫై ఏళ్లు గిటారు వాయించాడు. ఈ మధ్య వేళ్ల కణుపులు వాచి తీగ నొక్కలేకపోతున్నాడు. ఆయన చోటు ఖాళీ అయింది. కూతురు ఎప్పుడూ ఏదీ కావాలని అడగని పిల్ల. “అమ్మా, నాకా చోటు కావాలి” అన్నది. అడగనిది అడిగేసరికి అయ్యో అక్కకి అదో కొత్త భయం పట్టుకుంది. ఆ చోటు రాకపోతే ఈ పిల్ల మళ్లీ ఏదీ అడగదేమోనని.

హాల్లో ఒక మూల వాల్వుల మావయ్య ఆంపు నిలబడి ఉంది. చిన్న బీరువా అంత పెట్టె. వెనక్కి వెళ్లి చూస్తే గాజు వాల్వులు ఎర్రగా కాలుతున్నాయి. అటూ ఇటూ ఇద్దరు పడితే గానీ కదలదు. దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడాయన, ఏనుగు పక్కన మావటివాడిలా.

కూతురు డబ్బా తీసి నేల మీద పెట్టింది.

“ఏంటమ్మా, క్యారేజీ తెచ్చుకున్నావా? మేం మధ్యాహ్నం దాకా ఉండం,” అన్నాడు.

డ్రమ్ముల వెనక కూర్చున్నతను మందుల షాపాయన. ఆయన కిసుక్కున నవ్వాడు. పాడే టీచరమ్మ మాత్రం నవ్వలేదు.

డబ్బా వైరు హాలు స్పీకర్లకు పెట్టారు. పిల్ల మొదటి తీగ మీటింది. ఇంట్లో హెడ్‌ఫోన్స్‌లో ఏం వినేదో గానీ, హాల్లో అది పీపాలో రాళ్లు దొర్లించినట్టు వచ్చింది. కింద గుబగుబ, పైన తేనెటీగల రొద. డ్రమ్ములు మొదలయ్యేసరికి అదీ లేదు. పిల్ల వేళ్లు పరుగెడుతున్నాయి, చెవికి ఏమీ అందటం లేదు. అద్దం అవతల నిలబడి మాట్లాడే మనిషిలా ఉంది. సౌండు పెంచితే టీచరమ్మ గొంతు మునిగిపోయింది. తగ్గిస్తే పిల్లే మునిగిపోయింది.

పాట మధ్యలోనే వాల్వుల మావయ్య చెయ్యెత్తాడు.

“వేళ్లు బాగున్నాయి. అది ఒప్పుకుంటా. డబ్బా మాత్రం డబ్బానే. ఎలుక తోలు ఏడాది ఉతికినా నలుపు నలుపే. వచ్చే ఆదివారం రా, నా ఆంపు మీద వాయించు. చోటు నీది.”

“నా పెట్టె మీదే వాయిస్తాను మావయ్యగారూ.”

“ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్లని చూశాను గానీ, ఓటి మద్దెలే కావాలనేదాన్ని నిన్నే చూస్తున్నా!”

మందుల షాపాయన ఈసారి బాహాటంగానే నవ్వాడు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకన్నట్టు, పిల్ల ముఖం అప్పుడు ఎర్రబడింది.

దారి పొడుగునా అయ్యో అక్క నోరు ఊరుకోలేదు. “పోనీ ఆయన మాటే వినరాదూ? పెద్దాయన. ఊరికే ఇస్తానంటున్నాడు. రేపు ఆయన కాదన్నాడని ఊళ్లో ఇంకెవరూ పిలవకపోతే?”

కూతురు నడుస్తూనే అన్నది. “అమ్మా, ఆయన ఆంపు మీద వాయిస్తే ఆయన గొంతే వస్తుంది. ముప్ఫై ఏళ్లుగా అందరూ విన్న గొంతు. నేను దానికి వేళ్లు అరువివ్వాలి, అంతే. నా గొంతు ఎక్కడుంది?”

“ఆ గుబగుబేనా నీ గొంతు?”

పిల్ల నడక వేగం పెంచింది. అన్నది అనేశాక అయ్యో అక్క నాలుక్కరుచుకుంది.

ఆ సాయంత్రం కూతురు వంటింట్లో ఉన్నప్పుడు, ఆవిడ దొంగలా గదిలోకి వెళ్లి హెడ్‌ఫోన్స్ తన చెవులకు పెట్టుకుంది. కరెంటు కొడుతుందేమోనని ముందు వేలితో తాకి చూసింది. తర్వాత గిటారు తీగ ఒకదాన్ని గోటితో లాగింది. లాగినది గోరే, తనకు ఒక్క స్వరం కూడా రాదు. అయినా ఒళ్లు జలదరించింది. పట్టు బట్ట మీద చెయ్యి వేసినట్టు, నిండుగా, మెత్తగా, దూరందాకా సాగుతూ వినిపించింది. ఇంత బాగున్నది అక్కడ ఎందుకంత పాడైంది? చేతిలో మంచి బట్ట ఉండి, కుట్టాక ఒంటికి పట్టకపోతే తప్పు ఎక్కడుంటుంది?

దానికి జవాబు మర్నాడు కార్ఖానాలో దొరికింది. భోజనాల గంటలో అందరూ బయటకు వెళ్లారు. ఆవిడ ఒక్కతే మిషను మీద మిగిలిన కాలరు కుడుతున్నది. మిషను నిండుగా గుర్రుమంటున్నది, కడుపు నిండిన పిల్లిలా. అంతలో గంట కొట్టారు. ఆడవాళ్లంతా వచ్చి కూర్చున్నారు, మిషన్లన్నీ లేచాయి. ఆవిడ మిషను గుర్రు ఏమైపోయిందో తెలియదు, నలభై మోటార్ల గుర్రులో కలిసిపోయింది. మిగిలింది ఆ లావు గుర్రుకీ, ఇస్త్రీ ఆవిరి సన్నటి సుయ్యికీ నడుమనున్న టకటకే. దారం తెగినా, బాబిను అయిపోయినా ఎనిమిదేళ్లుగా ఆవిడకు చెప్పేది ఆ టకటకే. గుర్రుని నమ్ముకుని ఏనాడూ కుట్టలేదు.

ఆవిడ పాదం పెడలు మీదే ఆగిపోయింది.

అంటే పిల్ల ఏం చేసింది? ఒంటరిగా, గుసగుసంత సౌండులో, చెవికి ఇంపుగా ఉండేలా కుట్టుకుంది. కింద గుర్రు పెంచుకుంది, పైన మెరుపు పెంచుకుంది, నడుమ సౌండు కోసేసింది. పదిమంది మధ్య నిలబడి ఒక్కసారైనా వినలేదు. ఎందుకు వినలేదు? సౌండు తగ్గించు, సౌండు తగ్గించు అని ఏడాదిగా ప్రాణం తీసిందెవరు?

“అయ్యో,” అన్నది ఆవిడ. పక్క మిషను మీద చొక్కాలకు బొత్తాల కాజాలు కుట్టే కాజాల పిన్ని తలైనా తిప్పలేదు. రోజుకు నలభై వినే మాటే.

ఆ కార్ఖానాలో ఒక పద్ధతుంది. భోజనాలయ్యాక గంటసేపు గోడ మీది స్పీకర్లో పాటలు వేస్తారు. ఏం పాటలు వెయ్యాలో రోజుకొకరు చెప్పాలి. దాన్ని పాటల వంతు అంటారు. పేర్లు బోర్డు మీద వరసగా రాసి ఉంటాయి. అయ్యో అక్క తన వంతు ఎప్పుడూ వాడుకోలేదు. ఎవరికైనా నచ్చకపోతేనో, ఎవరైనా ఏమైనా అంటేనో అని పక్కవాళ్లకు ఇచ్చేసేది. ఆ వారం గురువారం ఆవిడ వంతు.

గురువారం భోజనాల గంట అయ్యేసరికి, జిరాక్సు షాపులో సగం పూట సెలవు పెట్టి, కూతురు గిటారూ డబ్బా పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. అయ్యో అక్క పిల్ల చెయ్యి పట్టుకుని మిషన్ల మధ్యలోంచి నడిపించుకుని వచ్చింది.

సూపర్‌వైజరు ఎదురొచ్చాడు. “ఏంటక్కా ఇది? వంతంటే పాట పెట్టుకోమని, కచేరీ పెట్టుకోమని కాదు.”

“పాట ఎక్కణ్ణుంచి రావాలో ఆ బోర్డు మీద రాసుందా బాబూ?”

“మిషన్లు ఆగితే ఎవరిది బాధ్యత?”

“ఆగకూడదనే తెచ్చాను. ఒక్క మిషను ఆగినా మా పని చెడుతుంది.”

“ఓనరుకి చెప్తా.”

అయ్యో అక్క పిల్ల చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. “చెప్పు. ఎనిమిదేళ్లుగా ఒక్క వంతైనా వాడుకోనిది ఇవాళ వాడుకుంటోందని చెప్పు. దానికి పనిలోంచి తీసేస్తే తీసెయ్యమను.”

అనేసి, ఆ మాట అన్నదెవరా అని తనే పక్కకి చూసింది. నలభై తలలు లేచాయి. కాజాల పిన్ని మొదట పెడలు నొక్కింది. “ఇంకా చూస్తారేంటే, కుట్టండి! పిల్లకి మిషన్లు కావాలంట!” అన్నది ముక్కుతో. కార్ఖానా అంతా ఒక్కసారిగా లేచింది. సూపర్‌వైజరు ఏదో అరిచాడు, ఒక్క ముక్క వినపడలేదు. చేతులు ఊపుకుంటూ తన అద్దాల గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

కూతురు డబ్బా వైరుని గోడ స్పీకరుకి తగిలించి, తన ముద్దుల సౌండు పెట్టి మీటింది.

“ఇంకో మోటారు కొన్నారేంటే మనవాళ్లు?” అన్నది కాజాల పిన్ని.

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. పిల్ల ముఖం వాడింది. అయ్యో అక్క దగ్గరికి వెళ్లి చెవిలో అరిచింది. “అదేనే! కింద గుర్రుమనేది మోటార్ల చోటు. అవి నలభై, నువ్వొక్కదానివి, అక్కడ కుస్తీ పట్టకు. కింద తీసెయ్యి!”

పిల్ల కింది సౌండు కోసేసింది. గుబగుబ పోయింది. ఇప్పుడు పైన చీదినట్టు సుయ్యిమని మిగిలింది.

“పైన సుయ్యిమనేది ఇస్త్రీ ఆవిరి చోటు! అక్కడా వద్దు!”

పైనా కత్తిరించింది. ఇంక మిగిలింది నడుమ. కానీ ఆ నడుమంతా గరగర. గరుకు పెంచే గెయిన్ అనే నాబు ముప్పావు వంతు తిప్పి ఉంది, తీగకూ తీగకూ తేడా తెలియకుండా అన్నీ కలిసి గొంతు చించుకుంటున్నాయి.

“అదేంటే, సూపర్‌వైజరులా అరుస్తోంది!” అన్నది బట్ట అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను మీదున్న వదిన.

ఆ మాటకి అయ్యో అక్క చప్పట్లు చరిచింది. “విన్నావా? ఆయన అరుస్తాడు, ముక్క అర్థం కాదు. మీ కాజాల అమ్మమ్మ అరవదు, ముక్కుతో మాట్లాడుతుంది, గేటు దాకా వినిపిస్తుంది! అరుపు తగ్గించు, ముక్కు పెంచు!”

“ఓసి, నా ముక్కు మీద పడ్డారూ!” అన్నది పిన్ని, కాజా కాజాకీ తల ఊపుతూ.

కూతురు గెయిన్ సగానికి దించింది. నడుమ సౌండుకి ఉన్న మిడ్ అనే నాబు పెంచింది. ఏడాదిగా ఒకదాని మీద ఒకటి పరిచిన ఎకోలూ, హంగులూ ఒక్కొక్కటే కాలితో నొక్కి ఆర్పేసింది. చివరికి డబ్బా లోపలి లెక్కల్లో ఒక్క ఆంపు గొంతు, ఒక్క స్పీకరు పెట్టె గొంతు, అంతే మిగిలాయి. మళ్లీ మీటింది.

నలభై మోటార్లు గుర్రుమంటున్నాయి, ఆవిరి సుయ్యిమంటున్నది. వాటి రెంటికీ నడుమ, బట్టలో సూది దిగినట్టు, ఒక్కో స్వరం విడివిడిగా నిలబడింది. మూల బొత్తాలు కుట్టే ఆవిడ, అందరికన్నా దూరంగా కూర్చునే మనిషి, చెయ్యెత్తి ఊపింది. అక్కడిదాకా అందింది.

గంట అయ్యేదాకా వాయించింది పిల్ల. ఆ గంటలో ఒక్క మిషనూ ఆగలేదు. సూపర్‌వైజరు ఓనరుకి చెప్పాడో లేదో ఎవరికీ తెలియదు. అయ్యో అక్క మాత్రం ఆ రోజునుంచి అద్దాల గది తలుపు కదిలినప్పుడల్లా ఉద్యోగం పోయినట్టే లెక్కేసుకుంది. లెక్కేసుకుంటూనే కుట్టింది.

ఆదివారం వచ్చింది. హాల్లో అదే మూల, అదే ఆంపు, వెనక వాల్వులు అప్పటికే ఎర్రబడి ఉన్నాయి.

“వేడెక్కించి ఉంచానమ్మా. వైరు పెట్టుకో,” అన్నాడు వాల్వుల మావయ్య.

“వద్దు మావయ్యగారూ. స్పీకర్లకే పెడతాను.”

ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. “సరే, కానీ. విందాం.”

పిల్ల డబ్బా కింద పెట్టి ఒంటరిగా నాలుగు స్వరాలు మీటింది. ఖాళీ హాల్లో ఆ సౌండు సన్నగా, పొడిగా, కాస్త ముక్కుతో వచ్చింది. ఆ పట్టుబట్ట మెత్తదనం లేదు, నిండుతనం లేదు. అయ్యో అక్క వేళ్ల మీద భయాలు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది. కార్ఖానాలో సరిపోయింది ఇక్కడ సరిపోదేమో. పిల్లకి ఉన్నది కూడా చేతులారా తీయించేశానేమో. ఈ దెబ్బతో గిటారు అటకెక్కిస్తుందేమో.

“వారమంతా తిప్పి తిప్పి ఉన్న కండ కూడా కరిగించావే!” అన్నాడాయన. “పోయినసారి కనీసం లావుగానైనా ఉంది.”

మందుల షాపాయన నవ్వడానికి నోరు తెరిచాడు.

“నవ్వడం తర్వాత బాబూ,” అన్నది అయ్యో అక్క, కూర్చున్న చోటునుంచే. “ముందు కొట్టు.”

ఆయన నోరు మూసుకుని కర్రలు తీసుకున్నాడు. డ్రమ్ములు లేచాయి. కింద పెద్ద డ్రమ్ము దబదబ, పైన ఇత్తడి తాళాల సుయ్‌సుయ్. వాటి నడుమ పిల్ల గిటారు వచ్చి కూర్చుంది. ఎవరినీ తోసుకోలేదు, ఎవరి కిందా నలగలేదు. ఒంటరిగా సన్నగా ఉన్నదే, ఇప్పుడు ఆ సందుకు కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది. టీచరమ్మ పాట అందుకుంది. పోయిన వారం మెడ నరాలు తేలేలా పాడిన మనిషి, ఇవాళ మామూలుగా మాట్లాడినట్టే పాడుతున్నది. మెత్తటి చోట పిల్ల చిటికెన వేలితో గిటారు మీది నాబు కాస్త వెనక్కి తిప్పింది, గరుకు పోయి శుభ్రమైన తీగ పలికింది. పల్లవి రాగానే ముందుకు తిప్పింది, తీగ భగ్గున లేచింది. కాలి కింద డబ్బాని తాకనే లేదు.

అయ్యో అక్క పిల్లని చూడటం మానేసి వాల్వుల మావయ్యని చూస్తున్నది. ఆయన ముఖంలో ఏమీ తెలియడం లేదు. మోకాలి మీద పెట్టుకున్న ఎడమ చెయ్యి మాత్రం, వాచిన వేళ్లతోనే, పిల్ల ఎక్కడ నొక్కితే అక్కడ నొక్కుతున్నది.

పాట అయిపోయింది. తాళం మోత సన్నగా సాగి సాగి ఆగింది.

“ఏమంటారు అన్నయ్యగారూ?” అన్నది అయ్యో అక్క.

ఆయన వాచిన వేళ్లు మెల్లగా మడిచి విప్పుకున్నాడు.

టీచరమ్మ నీళ్లు తాగింది. మందుల షాపాయన కర్రల చివర్లు చూసుకున్నాడు. పిల్ల తల వంచుకోలేదు, గిటారు మెడ పట్టుకుని నిలబడే ఉంది. అయ్యో అక్క కొంగు నడుముకి చుట్టి దోపుకుంది. లేచి ముందుకు వచ్చింది.

“మీరు పెద్దవారు. ముప్ఫై ఏళ్లు వాయించారు, నేను ఒక్క రోజూ వాయించలేదు. మీ ఆంపు గొప్పదే, కాదన్నవాళ్లు లేరు. కానీ నా బిడ్డ వాయించేది ఆ డబ్బా మీదే. వద్దంటే వద్దని ఒక్క ముక్క చెప్పండి. మేం ఇంకో హాలు చూసుకుంటాం. హాలు దొరక్కపోతే నలభై మిషన్లున్నాయి, అక్కడే వాయిస్తుంది. మూలన కూర్చున్నవాళ్లకి కూడా వినపడుతుంది. భయపడి మాత్రం మానదు. భయపడేదాన్ని నేనున్నాగా, అది చాలు.”

ఆయన ఆవిడ వంక చూడలేదు. డబ్బా వంక చూశాడు. తర్వాత పిల్ల నిలబడ్డ చోటు వంక చూశాడు, ఇటు డ్రమ్ముల స్టాండు తగులుతూ, అటు ఆంపు మూల నడుముకి గుచ్చుకుంటూ, మధ్యలో ఇరుక్కుని నిలబడి ఉంది. బయట రోడ్డు మీద ఒక బస్సు వచ్చి ఆగి, మనుషుల్ని దించి, వెళ్లిపోయింది. ఆయన కుర్చీలోంచి మెల్లగా లేచి, ఆంపు వెనక్కి వెళ్లి, స్విచ్చి ఆర్పాడు. వాల్వుల ఎరుపు ఒక్కొక్కటే తగ్గింది.

అప్పుడు మందుల షాపాయన వైపు తిరిగి అన్నాడు.

“ఓ చెయ్యి వెయ్యవయ్యా. దీన్ని బయట వరండాలోకి జరుపుదాం. పిల్ల నిలబడటానికి చోటు చాల్లేదు.”